గిల్టు బుట్టకమ్మలు

మా మేనత్త చెవులకు ఆ కమ్మలు పెట్టింది నేనే. ఈ సంగతి ముందు చెప్పకపోతే తర్వాత చెప్పేదంతా అబద్ధమవుతుంది.

తొంభైల మొదట్లో జరిగిందిది. సిద్దిపేటలో మా ఇల్లూ అత్త ఇల్లూ ఒకే గోడకు అటొకటి ఇటొకటి. అత్త భర్త తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయి అప్పటికి చాలా ఏళ్లు. ఆమెకు ఒక్కడే కొడుకు, నాకు బావ. వెల్డింగు షాపులో పని చేసేవాడు. మంచివాడే, కాని కోపం వస్తే నోటితో కాక చేతికి దొరికినదానితో మాట్లాడేవాడు. నేను ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుట్టేదాన్ని. ఇరవై నాలుగేళ్లు నాకు. పాత గిల్టు నగలు పోగేసే పిచ్చి ఒకటి పట్టుకుంది.

అది మొదలైంది పాత సామాన్ల దుకాణంలో. మిషను చక్రం విరిగితే, అలాంటిదే దొరుకుతుందేమోనని పోయాను. దుకాణం ముసలాయన నేల మీద కూర్చొని ఇత్తడి తుక్కును సుత్తితో దంచి బస్తాలో కుక్కుతున్నాడు. విరిగిన నల్లాలు, స్టవ్వు ట్యాంకులు, గంటెలు, వాటి మధ్యలో ఆకుపచ్చ గాజు రాళ్లు పొదిగిన ఒక నెమలి. పూర్వం పెద్దిళ్ల ఆడవాళ్లు చీర భుజానికి గుచ్చుకునే పిన్ను అది. సుత్తి లేచింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన సుత్తిని పక్కకు తిప్పకపోతే ఆ రోజు నా వేళ్లు పోయేవి.

"పాగల్ గిట్ల అయినవా బిడ్డా?" అని అరిచాడు. "గిల్టుదానికి చెయ్యి వెడతవా?"

తర్వాత ఆ నెమలిని నా చేతిలోనే పెట్టాడు. ఆ తర్వాత నెలకు రెండుసార్లైనా పోయేదాన్ని. ఆయన దంచే ముందు నగల్లాంటివన్నీ ఒక డబ్బాలో వేసి ఉంచేవాడు. ఎలా చూడాలో కూడా ఆయనే నేర్పాడు. "ముందర జూడకు బిడ్డా, ఎనుక జూడు," అనేవాడు. మెరుగు అరిగిన అంచు దగ్గర ఎర్రగా కనిపిస్తే లోపల రాగి, అది పాత పని. పసుపుపచ్చగా కనిపిస్తే ఇత్తడి, ఈ మధ్యది. వెనక బిగించే మర చుట్లు వంకరటింకరగా ఉంటే చేత్తో కోసింది, సమంగా ఉంటే యంత్రం కోసింది. రాయిని భూతద్దంలో చూస్తే లోపల గాలిబుడగ ఉందంటే గాజు. ఇవన్నీ తెలిశాక బస్సులో నా ముందు కూర్చున్న ఆవిడ మెడ వెనక్కి కూడా నా కళ్లు పోయేవి. ఇంట్లో రేకుపెట్టె నిండింది. మా బాపు తిట్టేవాడు, "అచ్చం బంగారముంటే దాసుకుంటరు, నువ్వు తుక్కు దాసుకుంటున్నవ్," అని.

ఆ పెట్టెలో అన్నిటికన్నా అందమైనవి ఒక జత బుట్టకమ్మలు. పైన ఏడు ఎర్రరాళ్ల బిళ్ల, కింద గంటలా వేలాడే బుట్ట, బుట్ట అంచుకు సన్నని పూసలు. ఇత్తడివే, కాని మెరుగు ఏమాత్రం చెదరలేదు. రెండింట్లోనూ రాళ్లు ఊడిపోయి ఉంటే బావే బాగుచేశాడు. లక్క కరిగించి బిళ్లల వెనక పోసి, రాళ్లను మళ్లీ నిలబెట్టాడు. వేడి లక్క బొటనవేలి మీద పడి పొక్కితే, "నీ తుక్కు సల్లగుండ," అని నన్నే తిట్టాడు.

దౌల్తాబాద్ దగ్గర ఒక ఊళ్లో పెళ్లికి పోతూ అత్త ఆ రోజు మా గడపలో ఆగింది. చెవులకు చిన్న పోగులు తప్ప ఏమీ లేవు. నేనే పెట్టె తెరిచాను.

"ఇవి వెట్టుకో అత్తా, అందరు నిన్నే జూస్తరు."

"ముసల్దానికి సింగారమా," అంటూనే ఆమె చెవి నా వైపు తిప్పింది. మర కొంచెం వదులుగా ఉంది. జారిపోతాయేమోనని మర చుట్టూ దారం చుట్టి గట్టిగా బిగించాను. అద్దంలో చూసుకొని ఆమె చాలాసేపు తల ఊపుతూ నిలబడింది. బుట్టలు ఊగుతుంటే చిన్నపిల్లలా నవ్వింది.

పెళ్లి అయ్యాక మధ్యాహ్నం బస్సు కోసం ఆమె ఒక్కతే స్టేజీ దాకా నడుచుకుంటూ వస్తోంది. తోవకు రెండు పక్కలా మక్కచేను. చేనులోంచి ఇద్దరు వచ్చారు. ఒకడు వెనక నుంచి కొప్పు పట్టుకొని వెల్లకిలా పడేశాడు. ఇంకొకడు ఛాతీ మీద మోకాలు పెట్టి మర తిప్పబోయాడు. దారం వల్ల మర తిరగలేదు.

అత్త తర్వాత మాకు చెప్పింది: "గిల్టురా నాయినా, ఇత్తడిరా, గివి బంగారపువి గావు అని మొత్తుకున్న. నమ్మలే. 'అవద్దమాడుతున్నవే ముసల్దానా' అని మూతి మీద గుద్దిండు."

ఆమె వాడి బొటనవేలు నోట దొరకబుచ్చుకొని కొరికింది. రక్తం వచ్చేదాకా వదల్లేదు. వాడు రాయి తీసుకొని ఆమె మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించిందట. ఆ తర్వాత వాడు మర జోలికి పోలేదు. రెండు బుట్టలనూ రెండు చేతులతో పట్టుకొని కిందికి గుంజాడు. చెవి తమ్మెలు రెండూ నిలువునా చీలి, కమ్మలు ఊడి వచ్చాయి.

దవాఖానలో ఆమెను చూసినప్పుడు నేను గుర్తుపట్టలేదు. ముఖం వాచి, పెదవి పగిలి, రెండు చెవుల నుంచి కారిన రక్తం మెడ మీద ఎండి నల్లబడింది. పెళ్లికి కట్టుకున్న పచ్చచీర రొమ్ము దగ్గర అట్ట కట్టింది. నన్ను చూసి ఆమె మొదట అన్న మాట, "కోడలా, నీ కమ్మలు వోయినయే," అని. బావ ఏడవలేదు. తల్లి చెవులకు కుట్లు వేస్తున్నంతసేపూ కళ్లార్పకుండా చూశాడు. బయటికి వచ్చి దవాఖాన ఇనుప గేటును పిడికిలితో కొట్టాడు. తోలు లేచి రక్తం కారేదాకా కొడుతూనే ఉన్నాడు.

నాలుగో రోజు, పట్టపగలు. నేను మిషను తొక్కుతున్నాను. పక్క వీధి ఆడమనిషి పరుగెత్తుకొచ్చింది.

"దొంగ దొరికిండు! కమ్మలు సుత దొరికినయి. మీ అత్త దవాఖానకు వోయిందట, నువ్వు గుర్తువడతవట, మీ బావ రమ్మంటున్నడు, బిరాన రా."

భూతద్దం తీసుకొని పరుగెత్తాను. ఇప్పుడు తలచుకుంటే అదే నాకు వింతగా ఉంటుంది. చెప్పులు వేసుకోవడం మరిచాను కాని భూతద్దం మరవలేదు.

వీధి మలుపులో కరెంటు స్తంభానికి ఒకతన్ని తాడుతో కట్టేశారు. దువ్వెనలు, పూసలు, పిన్నీసులు, రిబ్బన్లు పెట్టెలో పెట్టుకొని ఊరూరా అమ్ముకునే మనిషి. నలభై ఏళ్లుంటాయి. అతన్ని నేను అంతకుముందు మా వీధిలో చూశాను కూడా. పెట్టెను బోర్లించి తన్నారు, రిబ్బన్లు మట్టిలో తొక్కుడుపడి ఉన్నాయి. చుట్టూ ముప్పై మంది దాకా. అంగీ చిరిగింది, కనుబొమ్మ పగిలి రక్తం కంట్లోకి కారుతోంది. ఒకడు బెల్టుతో కొడుతున్నాడు, ఇంకొకడు వంతు కోసం ఆగినట్టు పక్కనే నిలబడ్డాడు.

"నాకెర్క లేదు బాంచెన్," అంటున్నాడతను. "ఆ కమ్మలు నాయే. నాయే అవి."

"నీకెట్లొస్తయిరా కమ్మలు! నువ్వు పెట్టుకుంటావురా?" ఎవరో నవ్వారు. అతని కడుపులో తన్నారు.

బావ నన్ను చూసి, ఒక పాత గుడ్డలోంచి బుట్టకమ్మల జత తీసి నా అరచేతిలో పెట్టాడు. "గివే గద? పెట్టె అడుగుల దాసుకున్నడు, పిన్నీసులు తీస్తుంటె బయటవడ్డయి. జూసి చెప్పు."

ఏడు ఎర్రరాళ్లు. కింద బుట్ట. ముందు నుంచి చూస్తే నావే అనిపిస్తాయి. తిప్పాను. అరిగిన అంచు ఎర్రగా ఉంది. రాగి. నావి ఇత్తడివి. ఆ ఒక్క క్షణంలోనే నాకు తెలిసిపోయింది, ఇవి నావి కావు.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది.

నేను అనలేదు. భూతద్దం కంటికి ఆనించాను. అంత పాతవి, అంత మంచి పని ఉన్నవి నేను అంతవరకూ చూడలేదు. మర చుట్లు చేత్తో కోసినవి, ఒక్కొక్కటీ వెంట్రుకంత సన్నగా. బుట్ట అంచున ప్రతి పూసా విడివిడిగా అతికించినది. రాళ్లలో బుడగలు తేనెలో చిక్కుకున్నట్టు నిలిచి ఉన్నాయి. చుట్టూ అరుపులు నాకు ఎక్కడో దూరంగా వినిపించాయి. కమ్మను వెలుగు వైపు తిప్పాను. రెండోది కూడా తీసి తిప్పాను.

అప్పుడు బావ గొంతు వినిపించింది. "గీ చేతితోనేనారా మా అవ్వ చెవులు గుంజింది?"

తలెత్తేసరికి అతని కుడి చెయ్యి కట్టు విప్పి, కింద బండ మీద పెట్టి ఇద్దరు తొక్కి పట్టుకున్నారు. బావ చేతిలో ఇటుక ఉంది. "కాదు బావా!" అని నేను అరిచేలోగా ఇటుక దిగింది. మళ్లీ లేచి మళ్లీ దిగింది. ఆ మనిషి అరుపు సగంలో ఆగిపోయింది, గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. ఇటుక మూడోసారి లేచినప్పుడు నేను నలిగిన ఆ చెయ్యి మీద అడ్డం పడ్డాను.

"మనయి కావు! గివి మనయి కావు!"

"ఏంది కావు? కండ్లు వోయినయా నీకు?" అన్నాడు బెల్టు పట్టుకున్నవాడు.

"భయపడుతుందిరా, ఆడిపిల్ల," అన్నారు ఇంకెవరో. నన్ను పక్కకు నెట్టడానికి ఒక కట్టె వచ్చి నా భుజం మీద పడింది. ఇంకొకటి చెవి మీద. ఒక చెవిలో ఈల మోగింది. మొన్న అత్త గిల్టని మొత్తుకుంటే ఎవరూ నమ్మనట్టే, ఇప్పుడు నన్నూ ఎవరూ నమ్మడం లేదు.

"అత్త దొంగ బొటనవేలు కొరికింది గద! ఆయన వేలు సూడున్రి!" అన్నాను.

అందరూ వంగి చూశారు. ఎడమ బొటనవేలి మీద ఏమీ లేదు. కుడి చెయ్యిలో వేళ్లు ఏవో తెలియడం లేదు. రక్తం, మట్టి, ఇటుక పొడి కలిసి ముద్దయింది. అతన్ని విడిపించగలిగిన గుర్తేదైనా ఆ చేతి మీదే ఉండాలి, దాన్ని మేమే దంచేశాం.

ఇంకేం చెయ్యాలో నాకు తోచలేదు. ఒక కమ్మను బండ మీద పెట్టి, బావ చేతిలోని ఇటుక గుంజుకొని, బిళ్ల మీద ఒక్క దెబ్బ వేశాను. బిళ్ల పగిలింది. ఎర్రరాళ్లు చెల్లాచెదురయ్యాయి.

"నువ్వే లక్క వోసినవు గద బావా! యాదికి లేదా, నీ బొటనేలు కాలింది. ఏది లక్క? సూడు, ఏదీ?"

లోపల లక్క లేదు. రాళ్ల కింద వేసిన వెండిరేకు ముక్కలు, వట్టి డొల్ల. బావ ఆ పగిలిన బిళ్లను చేతిలోకి తీసుకున్నాడు. గోరుతో లోపల గీకాడు. తన బొటనవేలి మీది కాలిన మచ్చను ఒకసారి చూసుకున్నాడు. ఆ తర్వాత అక్కడే, ఆ మనిషి పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. గుంపు ఎప్పుడు పలచబడిందో నేను చూడలేదు. బెల్టువాడు పోతూ పోతూ, "అయితే ఏడికెల్లి తెచ్చినట్టు మరి?" అని గొణిగాడు.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. అతని తల నా ఒడిలో ఉంది. బావ ఆ చేతికి తన అంగీ చుట్టి పట్టుకున్నాడు. దారిలో ఆ మనిషి ఒక్కసారి, "నా పెట్టె?" అని అడిగాడు.

కుట్లు చూపించుకోవడానికి అత్త ఆ రోజు అక్కడే ఉంది. రెండు చెవులకూ తెల్లకట్లు, చేతికి సిమెంటు పట్టీ. మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చింది. పడుకున్న మనిషి ముఖం మీదికి వంగి చాలాసేపు చూసింది.

"ఈడు గాదు," అంది. "ఆని మొఖం నేను సచ్చినా మరువ. ఈడు గాదు. ఎవ్వలు గొట్టిన్రు ఈన్ని?"

ఆమె కొడుకు చేతుల వైపు చూసింది. ఇటుక పొడి ఇంకా అలాగే ఉంది. ఆమె వంగి, మంచిగా ఉన్న చేత్తో కాలి చెప్పు తీసింది. దవాఖాన వరండాలో అంతమంది ముందు కొడుకును ఆ చెప్పుతో ముఖం మీద, నెత్తి మీద, మెడ మీద కొట్టింది. బావ చెయ్యి అడ్డం పెట్టలేదు. ముక్కులోంచి రక్తం కారినా కదల్లేదు. కొట్టీ కొట్టీ ఆమె చెవి కుట్లు పిగిలి కట్టు ఎర్రబడింది. నర్సమ్మ వచ్చి పట్టుకొని లాగేదాకా ఆగలేదు.

"నా చెవులు తెంపినోనికి నీకు ఏం తేడా ఉన్నదిరా?" అని అరుస్తూనే ఉంది.

తర్వాత పెద్దమనుషులు కూర్చున్నారు. దెబ్బలు తిన్న మనిషి కేసు వద్దన్నాడు. మళ్లీ ఆ వీధుల్లోకే అమ్ముకోవడానికి రావాలి గదా అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. అతని చెయ్యి నయమయ్యేదాకా కొడుకే ఆ పెట్టె నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మాలని తీర్పు చెప్పింది. వెల్డింగు షాపు మాని బావ మూడు నెలలు అలా తిరిగాడు. ఆరడుగుల మనిషి వాకిళ్లలో నిలబడి, "రిబ్బన్లు, పిన్నీసులు," అని అరవాలంటే మొదట్లో గొంతు రాలేదట. హుస్నాబాద్ వైపు ఒక ఊళ్లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని అనుమానపడి నలుగురు చుట్టుముట్టి కొట్టారు. పెదవి చిట్లి ఇంటికొచ్చాడు. అత్త పసుపు రాసింది కాని, రేపు పోవద్దని అనలేదు.

నేను ఆ మనిషి ఇంటికి పోయింది రెండు నెలల తర్వాత. ధూళిమిట్టలో, ఊరి చివర రేకుల ఇల్లు. మిగిలిన ఒక కమ్మ, పగిలినదాని రాళ్లు, రేకులు అన్నీ గుడ్డలో మూటకట్టి తీసుకుపోయాను. అతను గడప దగ్గర కూర్చొని ఉన్నాడు. కట్టు విప్పేశారు. చిటికెన వేలు, దాని పక్కది మడుస్తున్నాడు. మిగిలిన మూడూ కర్రల్లా నిలబడి ఉన్నాయి. అతని భార్య నీళ్లిచ్చి, నా ముఖం చూడకుండానే లోపలికి పోయింది.

మూట విప్పాను. అతను ఎడమచేత్తో ఆ కమ్మను తీసుకున్నాడు.

"మా అవ్వయి," అన్నాడు. "బాగోతమాడెటోల్లకు మా తాత చేసిచ్చిండట. ఆట బందైనంక మా అవ్వ పెట్టుకున్నది. అమ్మేటియి గావు. నా యెంట ఉండాలె అని అడుగున పెట్టుకుంటుంటి."

తప్పైపోయిందన్నాను. అతను తల ఊపాడు. ఆ తర్వాత అడిగాడు.

"ఒక్కటి అడుగుత అమ్మా. మీరు రాంగనే నాకు పానం లేచొచ్చింది. ఈమెకు ఎర్కుంటదట, చెప్తదట అని అందరు అంటుండిరి. ఎందుకు గంత సేపు జూసిన్రు?"

గట్టిగా తెలుసుకుందామని చూశానని చెప్పొచ్చు. దారి పొడుగునా ఆ మాటే సిద్ధం చేసుకుని వచ్చాను. అతని చెయ్యి ఎదురుగా మోకాలి మీద ఉంది.

"మనయి కావని చూడంగనే తెలిసింది," అన్నాను. "బాగున్నయని చూసిన. గంత మంచివి ఎన్నడు చూడలే. గందుకే చూస్త నిలబడ్డ."

అతను నన్ను తిడతాడనుకున్నాను. వెళ్లగొడతాడనుకున్నాను. కమ్మను మోకాలి మీద పెట్టుకొని, బుట్టను వేలితో ఒకసారి ఊపాడు.

"బాగుంటయి మరి," అన్నాడు. "మా తాత చేసినయి."

లోపలి నుంచి అతని భార్య బయటికి వచ్చింది. అన్నీ విన్నట్టుంది. "ఇగ పోరాదమ్మా," అంది. లేచి వచ్చేశాను.

అత్త చెవులను దోచుకున్నవాళ్లు ఎన్నడూ దొరకలేదు. ఆమె తమ్మెలు రెండేసి పాయలుగానే మానాయి, మళ్లీ కుట్టించుకోమంటే వద్దంది. నేను పోగుచేయడం ఆపానా అంటే, ఆపలేదు. ఏడాది దాకా పెట్టె తెరవలేదు, ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టాను. అందులో గొప్పేమీ లేదు, చెప్పకుండా ఉంటే బాగుండదని చెబుతున్నాను. అతను మరుసటి ఎండాకాలం నుంచి మళ్లీ మా వీధికి రావడం మొదలుపెట్టాడు. పెట్టె నెత్తిన కాక ఎడమ భుజానికి వేలాడేసుకొనేవాడు. అత్త గడపలోకి పిలిచి, కూర్చోబెట్టి, చాయ్ తాగించి, తనకు పనికిరాని రిబ్బన్లు, దువ్వెనలు కొనేది. బావ ఇంట్లో ఉంటే బయటికి వచ్చి ఆ పెట్టె మలుపు దాకా మోసుకెళ్లేవాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు.

మా వాకిట్లో మాత్రం అతను ఆగేవాడు కాదు. నేనూ పిలిచేదాన్ని కాదు.